రెండు ఆదివారాలు, ఒకే లోటు

ఒకసారి అమెరికా ఎవరినీ సంప్రదించకుండా నిర్ణయం తీసుకుంది. మరొకసారి మిత్రులనందరినీ కూర్చోబెట్టి ఒప్పించింది. రెండుసార్లూ వ్యాధి ఒక్కటే. ఏ చికిత్స ఎంతవరకు పనిచేసింది?

1971 ఆగస్టు 13, శుక్రవారం మధ్యాహ్నం. అమెరికా ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్దలు పదిహేనుమంది దాకా, మేరీలాండ్ కొండలలోని క్యాంప్ డేవిడ్ విడిదికి చేరుకున్నారు. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ వారికి ముందుగా విధించిన నిబంధన ఒక్కటే: అక్కడ జరిగేది బయటికి పొక్కరాదు, ఎవరూ ఎవరికీ టెలిఫోను చేయరాదు.

గదిలో ఉన్నవారిలో ఆర్థికమంత్రి జాన్ కొనాలీ ఉన్నాడు. కేంద్రబ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు ఆర్థర్ బర్న్స్ ఉన్నాడు. ఆర్థికశాఖలో విదేశీ ద్రవ్య వ్యవహారాలు చూసే పాల్ వోల్కర్ అనే ఆజానుబాహువు ఉన్నాడు. లేనివాడు విదేశాంగమంత్రి. ప్రపంచంలోని కరెన్సీలన్నిటి తలరాత మార్చబోయే ఆ గోష్ఠికి విదేశాంగశాఖకు పిలుపు రాలేదు. ఆ ఒక్క విషయంలోనే రానున్న నిర్ణయం ఎలాంటిదో తెలుస్తుంది.

ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు నిక్సన్ టెలివిజన్‌లో దేశప్రజలతో మాట్లాడాడు. ధరలను, వేతనాలను తొంబై రోజులపాటు స్తంభింపజేస్తున్నానన్నాడు. విదేశాల నుండి వచ్చే సరుకులపై పది శాతం అదనపు సుంకం విధిస్తున్నానన్నాడు. డాలరును బంగారంగా మార్చి ఇచ్చే సదుపాయాన్ని నిలిపివేస్తున్నానన్నాడు. ఈ మూడవ మాట అమెరికా పౌరులలో చాలామందికి అర్థమయి ఉండదు. కాని ప్రపంచానికి అసలైన పిడుగు అదే.

బంగారు తలుపు మూతపడింది

ఆ మాట బరువు తెలియాలంటే 1944 జూలై వద్దకు వెళ్ళాలి. రెండవ ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. 44 దేశాల ప్రతినిధులు అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే కొండ ఊరిలో సమావేశమయ్యారు. 1930 దశకంలో ప్రతి దేశమూ తన సుంకాలు తాను పెంచుకుని, తన నాణెం విలువ తాను తగ్గించుకుని, పొరుగువాడి పొయ్యి ఆర్పి తన పొయ్యి వెలిగించుకోవాలని చూసింది. ఫలితంగా అందరి పొయ్యిలూ ఆరిపోయాయి. ఆ అనుభవం నుండి పుట్టినదే బ్రెటన్ వుడ్స్ ఏర్పాటు. సభ్యదేశాల కరెన్సీలకు డాలరుతో స్థిరమైన మారకం రేటు ఉంటుంది. విదేశీ ప్రభుత్వాలు కోరితే, ఔన్సుకు 35 డాలర్ల చొప్పున అమెరికా బంగారం ఇస్తుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఈ ఏర్పాటుకు కాపలాదారు. నాడు ఇంకా పరాయి పాలనలో ఉన్న భారతదేశం తరఫున వెళ్ళిన ప్రతినిధి వర్గంలో చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి వంటి వారు ఉన్నారు.

పాతికేళ్ళపాటు ఈ ఏర్పాటు ప్రపంచ వాణిజ్యాన్ని పెంచి పోషించింది. కాని దానిలో ఒక బలహీనత ఉన్నది. డాలరును బంగారంతో సమానంగా చూసే లోకంలో, డాలరును ముద్రించే దేశానికి పొదుపు నేర్పేవారెవరు? ఇతర దేశాలకు లోటు వస్తే బంగారమో, విదేశమారక ద్రవ్యమో చెల్లించి తీరాలి. అమెరికాకు లోటు వస్తే డాలర్లు చెల్లిస్తే చాలు. ఇది మితిమీరిన విశేషాధికారమని ఫ్రాన్సు 1960 దశకంలో పలుమార్లు ఫిర్యాదు చేసింది.

ఫిర్యాదు నిరాధారమైనది కాదు. వియత్నాం యుద్ధం ఒకవైపు, స్వదేశంలో విస్తరించిన సంక్షేమ కార్యక్రమాలు మరొకవైపు ఖజానాను ఖాళీ చేశాయి. రెంటికీ కలిపి పన్నులు వేయడానికి రాజకీయ నాయకులు వెనుకాడారు. 1971 ఆర్థిక సంవత్సరంలో అమెరికా బడ్జెట్ లోటు 2,300 కోట్ల డాలర్లు. ఆ సంవత్సరమే, 1893 తరువాత మొదటిసారిగా, ఎగుమతుల కంటే దిగుమతులు మించిపోయాయి. 1940 దశకం చివర సుమారు 2,400 కోట్ల డాలర్ల విలువైన బంగారం అమెరికా ఖజానాలో ఉండేది. 1971 ఆగస్టు నాటికి మిగిలినది వెయ్యి కోట్లకు కొంచెం పైన. విదేశాల చేతిలోని డాలర్లు అంతకు ఎన్నో రెట్లు. అందరూ ఒక్కసారిగా వచ్చి తలుపు తట్టితే ఇవ్వడానికి బంగారం లేదు.

తలుపు మూయక తప్పని స్థితి ఏర్పడిందనడంలో సందేహం లేదు. ప్రశ్న ఒక్కటే: దానిని ఒంటరిగా మూయడమా, పదిమందితో మాట్లాడి మూయడమా? మూయవద్దని బర్న్స్ వాదించాడు. మాట్లాడటం మొదలుపెడితే వార్త పొక్కి, ఉన్న బంగారం కూడా పోతుందని ఎదుటివారు అన్నారు. ఆ మాటలోనూ నిజం ఉన్నది. ‘పదిమందిలో పాము చావదు’ అనే సామెత తెలుగువారికి తెలియనిది కాదు. ఒంటరి నిర్ణయానికి ఉన్న బలమంతా వేగంలోనే ఉన్నది.

టోకియోలో తెల్లవారింది

వాషింగ్టన్‌లో ఆదివారం రాత్రి తొమ్మిది గంటలంటే టోకియోలో సోమవారం ఉదయం పది గంటలు. మారకపు మార్కెట్టు తెరిచి ఉన్నది. జపాను ప్రభుత్వానికి ఈ వార్త ప్రసంగానికి కొద్ది నిమిషాల ముందు మాత్రమే తెలిసింది. 1949 నుండి డాలరుకు 360 యెన్‌ల రేటును ఆ దేశం వేదవాక్యంగా నమ్ముకుంది. ఆ రేటును నిలబెట్టాలనే పట్టుదలతో జపాను కేంద్రబ్యాంకు దాదాపు రెండు వారాలపాటు, ఎవరు తెచ్చి ఇచ్చినా కాదనకుండా డాలర్లు కొంటూ పోయింది. చివరకు నెలాఖరున ఆ ప్రయత్నం విరమించింది. కొన్న డాలర్ల విలువ తరిగిపోయింది. ఐరోపాలో మారకపు మార్కెట్లు వారం రోజులపాటు మూతపడ్డాయి.

భారతదేశంలో అప్పటికి సోమవారం ఉదయం ఆరున్నర. స్వాతంత్ర్య దినోత్సవం ముగిసిన మరునాడు. తూర్పు బెంగాల్ నుండి లక్షల సంఖ్యలో శరణార్థులు వచ్చి పడుతున్న రోజులవి. వారి పోషణభారంతో బడ్జెట్టు కుంగిపోతున్న దేశానికి ఈ కొత్త చిక్కు వచ్చి పడింది. రూపాయిని దేనికి ముడివేయాలి? మొదట డాలరుకే కట్టారు. డిసెంబరులో విప్పి బ్రిటిష్ పౌనుకు కట్టారు. ఆరు నెలలు తిరగకుండానే, 1972 జూన్‌లో, పౌను కూడా స్థిరమైన రేటును వదిలి తేలిపోయింది. దానితోపాటు రూపాయి కూడా ఊగిసలాడింది. 1975 సెప్టెంబరులో అనేక కరెన్సీల సముదాయానికి ముడివేసిన తరువాత గాని ఆ ఊగిసలాట కొంత తగ్గలేదు. క్యాంప్ డేవిడ్‌లో ఎవరూ భారతదేశాన్ని తలచుకుని ఉండరు. బలవంతుడు ఒంటరిగా తీసుకునే నిర్ణయంలో ఉన్న అసలు దోషం ఇదే. దాని ఖర్చు గదిలో లేనివారి లెక్కలో పడుతుంది.

నిక్సన్ పద్ధతి ఫలించలేదని చెప్పడం న్యాయం కాదు. పది శాతం సుంకం భయంతో మిత్రదేశాలు నాలుగు నెలలలో చర్చలకు వచ్చాయి. డిసెంబరు 18న వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఒప్పందం కుదిరింది. యెన్, జర్మన్ మార్కు విలువలు పెరిగాయి. సుంకం తొలగింది. ప్రపంచ చరిత్రలోనే అత్యంత ప్రాముఖ్యం గల ద్రవ్య ఒప్పందమని నిక్సన్ దానిని కీర్తించాడు.

ఆ ఒప్పందం ఆయుర్దాయం పధ్నాలుగు నెలలు. లోటు తగ్గలేదు, డాలరుపై నమ్మకం తిరిగి రాలేదు. 1973 ఫిబ్రవరిలో డాలరు విలువ మరో పది శాతం తగ్గించవలసి వచ్చింది. ఈసారి మిత్రులను ఒప్పించడానికి వోల్కర్ టోకియో మొదలు ఐరోపా రాజధానుల దాకా రహస్యంగా చుట్టివచ్చాడు. మార్చి నాటికి స్థిరమైన రేట్ల వ్యవస్థ పూర్తిగా కూలిపోయింది. డాలర్లలో ధర పుచ్చుకునే చమురుదేశాలు తమ రాబడి కరిగిపోతున్నదని అప్పటికే అసంతృప్తితో ఉన్నాయి. అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చింది. కొద్ది నెలలలో చమురు ధర సుమారు నాలుగింతలయింది. యుద్ధం తక్షణ కారణమే గాని, డాలరు పతనం కూడా ఆ మంటకు సమిధ అయింది.

రెండవ ఆదివారం

పధ్నాలుగేళ్ళ తరువాత మరో ఆదివారం వచ్చింది. 1985 సెప్టెంబరు 22. ఈసారి వేదిక న్యూయార్కులోని ప్లాజా హోటలు. రోగి అమెరికాయే, వ్యాధి లోటే. కాని లక్షణాలు తలకిందులయ్యాయి. 1971లో డాలరు బలహీనపడింది. 1985లో అది భరించరాని బలం పుంజుకుంది.

ఇది ఎలా సంభవించింది? ధరల పెరుగుదలను అణచడానికి, అప్పటికి ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడైన వోల్కర్ వడ్డీరేట్లను ఇరవై శాతం దాకా పోనిచ్చాడు. ఇళ్ళు కట్టే కాంట్రాక్టర్లు నిరసనగా కొయ్యముక్కలు ఆయనకు తపాలాలో పంపారు. మరోవైపు, 1981లో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ పన్నులు భారీగా తగ్గించి, సైనిక వ్యయం భారీగా పెంచాడు. బడ్జెట్ లోటు 1981లో 7,900 కోట్ల డాలర్లు. 1985కు అది 21,200 కోట్లయింది. ఖజానా అప్పులకు ఎగబడినకొద్దీ వడ్డీరేట్లు దిగిరాలేదు. ఆ వడ్డీ ఆశకు విదేశాల సొమ్ము అమెరికాకు తరలివచ్చింది. సొమ్ము వచ్చినకొద్దీ డాలరు పెరిగింది. డాలరు పెరిగినకొద్దీ అమెరికా సరుకులు విదేశాలలో ప్రియమయ్యాయి, విదేశీ సరుకులు అమెరికాలో చవకయ్యాయి. ఖజానాలోని లోటు వాణిజ్యంలోని లోటుగా రూపెత్తింది. జంట లోటులనే మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుండి లోకానికి అప్పులిచ్చిన దేశం 1985లో నికరంగా అప్పుల దేశంగా మారింది.

ఈ వడ్డీరేట్ల వేడికి ముందుగా మాడిపోయినది అమెరికా కాదు. 1982 ఆగస్టులో మెక్సికో తన విదేశీ రుణాలు చెల్లించలేనని చేతులెత్తేసింది. దాని వెనుక లాటిన్ అమెరికా దేశాలు ఒకటొకటిగా కుప్పకూలాయి. ద్రవ్యనిధి, కేంద్రబ్యాంకులు కలిసి పూనుకొనకపోతే అమెరికాలోని పెద్ద బ్యాంకులే మునిగిపోయేవి.

1985 నాటికి అమెరికా కాంగ్రెసులో విదేశీ సరుకులను అడ్డుకోవాలనే బిల్లులు వెల్లువెత్తాయి. 1971 మార్గం మళ్ళీ ఆకర్షించింది. కాని కొత్త ఆర్థికమంత్రి జేమ్స్ బేకర్ వేరే దారి ఎన్నుకున్నాడు. జపాను, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ ఆర్థికమంత్రులతో, కేంద్రబ్యాంకు అధిపతులతో రహస్యంగా రాయబారం నడిపాడు. జపాను ఆర్థికమంత్రి నోబొరు తకెషితా పత్రికలవారి కన్నుగప్పడానికి గోల్ఫు ఆటకు వెళుతున్నట్లు నటించి విమానమెక్కాడు. ఐదు దేశాలూ ఉమ్మడి ప్రకటన చేశాయి: డాలరును క్రమపద్ధతిలో దించడానికి కలిసి కృషి చేస్తాం.

క్యాంప్ డేవిడ్ గదిలో కూర్చున్న వోల్కర్ ప్లాజా గదిలోనూ ఉన్నాడు. మొదటిసారి ప్రపంచానికి తెలియకుండా నిర్ణయం జరిగింది. రెండవసారి ప్రపంచంలోని ధనికులు అయిదుగురు కలిసి నిర్ణయించారు. తేడా వెంటనే కనిపించింది. మార్కెట్లు మూతపడలేదు. సుమారు 240 యెన్‌లున్న డాలరు, ఏడాదిన్నరలో 150 దరిదాపులకు దిగివచ్చింది. ఫిబ్రవరి నుండే డాలరు తగ్గుముఖం పట్టిన మాట నిజమే. అయినా అంత పెద్ద మార్పు ఏ బ్యాంకూ కూలకుండా జరగడం సామాన్యం కాదు. కాంగ్రెసులో సుంకాల ఆవేశం చల్లారింది.

మాట నిలుపుకున్నదెవరు?

ప్లాజా ప్రకటనలో ప్రతి దేశమూ కొన్ని వాగ్దానాలు చేసింది. జపాను, జర్మనీలు స్వదేశంలో గిరాకీ పెంచుతామన్నాయి. అమెరికా తన లోటు తగ్గిస్తానన్నది. డాలరు విలువ మారింది గాని, కష్టమైన ఈ వాగ్దానాలు నత్తనడక నడిచాయి. అమెరికా కాంగ్రెసు లోటుకు పరిమితులు విధిస్తూ 1985 డిసెంబరులో చట్టం చేసింది. అయినా 1986లో లోటు 22,100 కోట్లకు పెరిగింది. 1987లో కొంత తగ్గినా, 1992 నాటికి 29,000 కోట్లకు చేరింది.

1987 ఫిబ్రవరిలో పారిస్‌లోని లూవ్ర్ భవనంలో ఈసారి డాలరు పతనాన్ని ఆపడానికి ఒప్పందం జరిగింది. అక్టోబరు వచ్చేసరికి జర్మనీ వడ్డీరేట్లు పెంచడం అమెరికాకు నచ్చలేదు. బేకర్ బహిరంగంగానే విమర్శించాడు. మిత్రులు విడిపోతున్నారన్న అనుమానం మార్కెట్లలో వ్యాపించింది. అక్టోబరు 19, సోమవారం నాడు న్యూయార్కు స్టాక్ మార్కెట్టు సూచిక ఒక్క రోజులో 22.6 శాతం పడిపోయింది. దానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కాని పెద్దల కలహం ఆ భయానికి ఆజ్యం పోసింది.

జపాను చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. పెరిగిన యెన్ వల్ల ఎగుమతులు దెబ్బతినకుండా ఆ దేశం వడ్డీరేటును 2.5 శాతానికి దించి, రెండేళ్ళకు పైగా అక్కడే ఉంచింది. చవక డబ్బు భూములపైన, షేర్లపైన కుమ్మరించారు. 1990లో బుడగ పగిలింది. ఆ దెబ్బనుండి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అందులో ప్లాజా పాపమెంత, జపాను స్వయంకృతమెంత అన్నది ఆర్థికవేత్తలు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. సహకారమంటే భారాన్ని సమంగా పంచుకోవడమే. ఇంటి లోటు తీర్చుకోవలసినవాడు తన వంతు దాటవేస్తే, ఆ భారం మాట నిలుపుకున్నవాడి భుజాన పడుతుంది.

లండన్‌కు వెళ్ళిన బంగారం

డాలరును ముద్రించుకోగల దేశానికి ఇన్ని అవకాశాలు దొరికాయి. ముద్రించుకోలేని దేశానికి లోటు వస్తే ఏమవుతుందో 1991లో భారతదేశం తెలుసుకుంది. 1980 దశకమంతా కేంద్రప్రభుత్వం రాబడిని మించి ఖర్చు చేస్తూ వచ్చింది. 1990–91లో ద్రవ్యలోటు జాతీయోత్పత్తిలో సుమారు 8 శాతం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర పెరిగింది. గల్ఫ్ నుండి మనవారు పంపే డబ్బు తగ్గింది. ప్రవాస భారతీయులు తమ డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగారు. 1991 జూన్ నాటికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశమారక ద్రవ్యం మాత్రమే మిగిలింది.

ముందుగా మే నెలలో, పట్టుబడిన దొంగబంగారం 20 టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండుకు వెళ్ళింది. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాలలో లండన్‌కు పంపింది. తాకట్టు కాగితం చాలదు, సరుకు ఎదుట ఉండాలన్నారు అప్పిచ్చేవారు. ఇంగ్లండు, జపాను కేంద్రబ్యాంకుల నుండి దానిపై లభించినది 40 కోట్ల 50 లక్షల డాలర్లు. కేంద్ర ఆర్థికశాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారాలు చూస్తున్న సంయుక్త కార్యదర్శి యాగా వేణుగోపాలరెడ్డి. ఆయనే 2003లో రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. ఇంట్లో బంగారం కుదువపెట్టడమంటే ఏమిటో ఎరిగిన దేశం ఆ వార్త విని సిగ్గుతో తల వంచుకుంది.

జూన్ 21న అధికారం చేపట్టిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ముందు రెండే మార్గాలున్నాయి. అప్పులు ఎగవేసి ఒంటరిగా నిలవడం, లేదా ద్రవ్యనిధితో మాట్లాడి ఇల్లు సర్దుకోవడం. రెండవదాన్ని ఎన్నుకున్నారు. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. ఖర్చులకు కళ్ళెం వేశారు. ఎరువుల సబ్సిడీ తగ్గించడంతో రైతులు, ప్రతిపక్షాలు, స్వపక్షంలోని వారు కూడా ఆగ్రహించారు. ద్రవ్యనిధి షరతుల న్యాయాన్యాయాలపై వాదం నేటికీ ఉన్నది. కాని బయటి సహాయంతోపాటు ఇంటి లెక్క సరిదిద్దే ప్రయత్నం కూడా జరగడం వల్లనే ఆ సహాయం నిలిచింది. 2009 నవంబరులో అదే ద్రవ్యనిధి అమ్మకానికి పెట్టిన 200 టన్నుల బంగారాన్ని 670 కోట్ల డాలర్లు ఇచ్చి కొన్నది భారత రిజర్వు బ్యాంకు.

మళ్ళీ అదే పది శాతం

2024 నవంబరులో అమెరికా ప్రభుత్వ రుణం 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఆ ఆర్థిక సంవత్సరంలో లోటు సుమారు 1.8 లక్షల కోట్లు. వడ్డీ చెల్లింపులు సైనిక వ్యయాన్ని మించిపోయాయి. 2025 ఏప్రిల్ 2న ఆ దేశం దాదాపు ప్రపంచమంతటిపైనా కనీసం పది శాతం, అనేక దేశాలపై ఇంకా ఎక్కువ సుంకాలు ప్రకటించింది. 1971 నాటి అంకెయే తిరిగి వినిపించింది.

ఒక వారం గడవకముందే అమెరికా ప్రభుత్వ బాండ్లను మదుపరులు అమ్మసాగారు. ఏప్రిల్ 9న ఎక్కువ సుంకాలలో చాలాభాగం తొంబై రోజులు వాయిదా పడింది. అప్పిచ్చినవాడి అలికిడి సేనల అలికిడి కంటే బిగ్గరగా వినిపించింది. అయినా ఆగస్టు 27 నాటికి భారతదేశపు సరుకులలో చాలావాటిపై సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటిస్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్టు అమెరికా. వాషింగ్టన్‌లో చేసిన సంతకం గోదావరి జిల్లాల చెరువుగట్లపై ఆందోళనగా దిగివచ్చింది. 1971లో వలెనే ఆ రైతులు కూడా గదిలో లేరు. సుంకాల రేట్లు ఆ తరువాత పలుమార్లు మారాయి గాని, లోటు అక్కడే ఉన్నది.

అర్ధశతాబ్దపు ఈ అనుభవం నేర్పేది సంక్లిష్టమైనది కాదు. ఒంటరి నిర్ణయం వేగంగా ఫలిస్తుంది, వేగంగానే వాడిపోతుంది. కలిసి చేసిన నిర్ణయం ఆలస్యంగా ఫలించినా దెబ్బలు తక్కువ. అయితే రెండూ కూడా బయటి నుండి పూసే మందులే. రాబడికి, ఖర్చుకు మధ్య ఉన్న అంతరాన్ని సుంకమూ పూడ్చదు, శిఖరాగ్ర సమావేశమూ పూడ్చదు. ఆ పని శాసనసభలలో, పన్నులు వేసి, వ్యయాలు తగ్గించి చేయవలసినది. ఓట్లు పోయే పని గనుకనే నాయకులు దానికి బదులుగా ఒకప్పుడు పరదేశిని నిందిస్తారు, మరొకప్పుడు పరదేశితో కరచాలనం చేస్తారు.

రెండు ఆదివారాలకూ సాక్షి అయిన వోల్కర్ 2019 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన చూసిన రెండు గదులలోనూ చర్చ డాలరు గురించే సాగింది. చర్చ జరగవలసిన లోటు మాత్రం రెండుసార్లూ వాయిదా పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మన పెద్దలన్నారు. రచ్చకు ఒంటరిగా వెళ్ళినా, పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళినా, ఇంట గెలవనివాడు రచ్చలో ఎక్కువ కాలం నిలవలేడు.